మాపు కనపడని రంగు

"మట్టిరంగుది తీసుకున్నా. మాపు కనపడదు," అంటూ ఆయన కవరు తెచ్చి సోఫాలో పడేశాడు.

ఆమె అప్పుడు ఆయన తెల్లచొక్కా కాలరుకి సబ్బు రాసి చిన్న బ్రష్షుతో రుద్దుతోంది. చేతులు తుడుచుకుని వచ్చి కవరు విప్పింది. చలికోటు. గట్టి గుడ్డ, గట్టి కుట్టు, నాలుగు జేబులు, మెడ దగ్గర మెత్తటి అస్తరు. వంక పెట్టడానికి ఏమీ లేదు. "బావుందండీ," అంది.

పదిహేడేళ్ళ కాపురంలో ఆ "బావుందండీ" ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. ఆమె కాళ్ళకి వేసుకునే బూట్లు మట్టిరంగు. భుజానికి తగిలించుకునే సంచి మట్టిరంగు. వంటింటి తుండుగుడ్డ, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా, సోఫా కవర్లు అన్నీ అదే రంగు. కాపురానికొచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి ఒక మీగడరంగు బట్ట తెచ్చుకుంది, దాని మీద చిన్న చిన్న నీలిపూలు. కుట్టించుకుందామని బయటికి తీస్తే అత్తగారు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బంగారంలా ఉందమ్మా. మరి పొయ్యి దగ్గర పనికొస్తుందా?" అంది. తిట్టలేదు, కొట్టలేదు. అంత మెత్తగా అడిగింది కాబట్టే ఎదురు చెప్పడానికి సందు దొరకలేదు. ఆ బట్ట ఇప్పటికీ పెట్టె అడుగున మడతల్లోనే ఉంది. మడత పడ్డ చోట పసుపుచార వచ్చేసింది.

ఇక ఆయన చొక్కాలు ఆరు, ఆరూ తెల్లవే. ఆఫీసులో అందరూ అడుగుతారట, "మీ చొక్కాలు ఎప్పుడూ ఇంత తెల్లగా ఎలా ఉంటాయండీ?" అని. ఆయన నవ్వి, "జాగ్రత్తగా ఉంటాను," అని చెప్తాడట. ఆ మాట ఆయనే ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆమె చేతిలో ఇదే బ్రష్షు ఉంది. ఆయనకి ఆ రెండింటికీ ఉన్న సంబంధం తట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు పాపం. చెడ్డవాడైతే ఆమెకి పోట్లాడటం తేలికయ్యేది.

రెండేళ్ళ కిందట కూతుర్ని హాస్టల్లో చేర్చాక ఆమె పనికి కుదిరింది. సముద్రం ఒడ్డున రెండంతస్తుల మేడ. అక్కడ సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తారు. ఆమెది కడిగే పని. ఆటుకి నీళ్ళు వెనక్కి తీశాక రాళ్ళ మీద కోసుకొచ్చిన నాచు తడితడిగా పెట్టెల్లో వస్తుంది. మూడు సిమెంటు తొట్లు. మొదటి తొట్టిలో ఇసక వదలాలి, రెండోదాంట్లో అంటుకున్న నత్తల్నీ చిట్టిపీతల్నీ ఏరాలి, మూడోదాంట్లో మంచినీళ్ళలో జాడించాలి. తర్వాత నీడలో వలల మీద పరచాలి. అది కాగానే గాజుసీసాలు, గరాటులు, గొట్టాలు కడగాలి. అందరూ నాచక్క అని పిలుస్తారు. మొదట్లో వెక్కిరింపుగా మొదలుపెట్టారేమో గానీ, పిలవగా పిలవగా అది ప్రేమగానే మారింది.

చేరిన రోజు ఆయన అన్న మాట మాత్రం ఆమె మర్చిపోలేదు. "ఇక్కడా కడగటమే, అక్కడా కడగటమే. దానికి ఇంత హడావుడా?"

నిజానికి ఆ నాచు కూడా మట్టిరంగే. మొదటిసారి పెట్టె మూత తీసినప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. తోలుపట్టీల్లాగా, జిగటగా, బురదలో పొర్లి వచ్చినట్టు ఉంది. సరిపోయింది, సముద్రం కూడా నాకోసం మాపు కనపడని రంగే ఏరి పంపింది అనుకుంది.

అసలు సంగతి నిరుడు చలికాలంలో జరిగింది. కుళాయి నీళ్ళు మంచులా ఉన్నాయి. ఇంట్లో పొద్దున్నే అంట్లు, ఇక్కడ రోజంతా తొట్లు. వేళ్ళు పగిలి గీతలు గీతలుగా రక్తం కనపడుతోంది. ఎవరూ లేకుండా చూసి, టీ కాచుకునే కెటిల్‌లో నీళ్ళు పెట్టింది. కెటిల్ పూర్తిగా మరగనివ్వలేదు. గొణుగుడు మొదలవగానే దింపి, వేళ్ళకి కాస్త ఆవిరి పట్టించి, ఎలాగూ ఉన్నాయి కదా, ఇసక తొందరగా వదులుతుందని ఆ నీళ్ళు మూడో తొట్టి పక్కనున్న బేసిన్లో నాచు మీద గుమ్మరించింది.

నాచు కళ్ళముందే పచ్చబడిపోయింది.

మెల్లిగా కాదు. రెప్ప వేసి తీసేలోపు మట్టిరంగంతా ఎటో పోయి, చిలకపచ్చ! ఇందాకటిదాకా తోలుపట్టీలా ఉన్నది లేత ఆకులా మెరుస్తోంది. పాడైపోయింది. అక్కడి పరిశోధనంతా నడిపే పెద్దమేడం మూడు వారాలుగా ఎదురుచూసి తెప్పించిన నాచు. "రంగు కోసమే కదమ్మా మనం ఇదంతా చేసేది," అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ రంగే పోగొట్టింది తను. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. బేసిన్లోదంతా పిండి, ప్లాస్టిక్ సంచిలో కుక్కి, ఆ మట్టిరంగు సంచిలో అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. తప్పు జరిగితే ముందు దాచెయ్యాలి అని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పగిలిన కప్పు ముక్కలు, మాడిన గిన్నె, ఇస్త్రీ అంటుకున్న దిండుగలీబు దాస్తూ దాస్తూ చేతులకి అలవాటైపోయింది, అంతే.

దాచిన చోటు సింకు కింద బకెట్టు. సాయంత్రానికల్లా అత్తగారు ముక్కు పట్టుకుని పట్టేసింది.

"ఇదేంటే? ఆకుకూరా?"

"కాదు అత్తయ్యా. నాచు. పాడుచేశాను."

"పాడుచేసినదాన్ని ఇంటికెందుకు మోసుకొచ్చావ్? అక్కడే సముద్రంలో పడేస్తే సరి. ఎవడు అడుగుతాడు? సముద్రం అడుగుతుందా?"

ఆమెకి భయంలో కూడా నవ్వొచ్చింది. నిజమే, మేడ వెనకే సముద్రం. అంత తెలివి ఆ క్షణంలో తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ సంచి తీసుకెళ్ళి పెద్దమేడం బల్ల మీద పెట్టింది. తల వంచుకుని జరిగిందంతా చెప్పి, తిట్ల కోసం ఎదురుచూసింది. ఆవిడ సంచి విప్పి చూసి, ఇంకోసారి చూసి, పకపకా నవ్వింది. "ఏ వేడి దగ్గర మారింది?" అని అడిగింది.

"వేడంటే... కెటిల్ గొణుగుతుందే, అప్పుడండీ. ఇంకా కూత పెట్టకముందు."

"మళ్ళీ చెయ్యి. నేను చూడాలి."

తప్పుచేసినదాన్ని "మళ్ళీ చెయ్యి" అని అడిగినవాళ్ళు ఆమె జీవితంలో ఆవిడొక్కతే. ఆ రోజు మూడుసార్లు చేశారు. పెద్దమేడం నీళ్ళలో వేడి చూసే గాజుకొలత పెట్టి చూసింది, ఆమె కెటిల్ దగ్గర చెవి పెట్టి వింది. "ఇప్పుడండీ," అని ఆమె అన్న ప్రతిసారీ కొలత దాదాపు అదే గీత దగ్గర ఉంది. పెద్దమేడం కళ్ళజోడు సార్‌ని కేకేసి మరీ చూపించింది. ఆయన ఆవిడ కింద పనిచేసే పరిశోధకుడు, ఎవరినీ ఊరికే మెచ్చుకోడు. "యాదృచ్ఛికం అయ్యుంటుంది," అన్నాడు. నాలుగోసారి కూడా అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రంగు పోలేదమ్మా," అంది పెద్దమేడం. "పచ్చరంగు మొదటినించీ అందులోనే ఉంది. దాని మీద ఇంకో రంగుంది, నారింజ రంగు. ఫ్యూకోజాంతిన్ అంటారు. ఆ నారింజ ఒక మాంసకృత్తుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపూ, ఆ పచ్చా ఈ నారింజా కలిసి మన కంటికి మట్టిరంగులా కనపడతాయి. నువ్వు వేడినీళ్ళు పోశావ్, పట్టు వదిలింది. పచ్చ పైకి తేలింది. అంతే."

"మరి నారింజ ఏమైందండీ?"

"ఎక్కడికీ పోలేదు. చూస్తావా?"

ఆ పచ్చబడ్డ నాచునే ఆరబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టారు. ఆ ద్రావకం బొట్టుని పొడుగాటి తెల్లకాయితం ముక్క అడుగున పెట్టి, కాయితం కాలు మాత్రం ఇంకో ద్రావకంలో తగిలేలా సీసాలో వేలాడదీశారు. తడి కాయితం మీదికి పాకుతోంది. బొట్టు కూడా దానితో పాటు లేచింది. లేచి, విడిపోయింది. అన్నిటికంటే పైన పసుపు. కింద ముదురు పచ్చ. దాని కింద పొద్దు పొడిచేటప్పటి ఆకాశంలా నారింజ. అడుగున కనీకనపడనట్టు లేతపచ్చ. ఒక్క మట్టిరంగు నాచులో నాలుగు రంగులు! ఆమె కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. పనిచేసే చోట ఆమె అడక్కుండా కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఎవరూ లేవమనలేదు.

ఆ తర్వాత ఆమెకి ఆ నారింజ పిచ్చి పట్టింది. తొట్టి దగ్గర ఉన్నా కన్ను లోపలి గది మీదే. ఏదో ఒక ప్రశ్న పట్టుకుని పెద్దమేడం వెంట పడేది. అసలు ఆ నారింజ నాచుకెందుకండీ? ఆవిడ చెప్పింది: సముద్రంలో కిందికి దిగేకొద్దీ వెలుగు తరిగిపోతుంది, ఎరుపు ముందే అయిపోతుంది, చివరికి నీలం, నీలిపచ్చ మాత్రం కాస్త మిగులుతాయి. పచ్చరంగు ఒక్కటే ఉంటే ఆ వెలుగు చాలదు. ఈ నారింజ ఆ మిగిలిన వెలుగుని పట్టి పచ్చదానికి అందిస్తుంది. దాంతో నాచు బతుకుతుంది. ఆ మాట వింటుంటే ఆమెకి ఎక్కడో తగిలింది. అందరూ తినగా మిగిలినదాంతో సరిపెట్టుకుని, మళ్ళీ పొద్దున్నే అందరికీ వండిపెట్టే మనిషి గుర్తొచ్చింది. అయినా ఏడుపు రాలేదు. గర్వమేసింది. చీకట్లో, అంత చల్లటి నీళ్ళలో, మిగులుతో సంసారం నడపడం ఎంత నేర్పు! చదువుకున్నవాళ్ళు దానికి అంత పెద్ద పేరు పెట్టి, అద్దాల గదుల్లో కూర్చుని కొలుస్తున్నారంటే ఊరికేనా?

ఇంకా ఏమేం చేస్తారో కూడా ఒక్కొక్కటే తెలుసుకుంది. తినే వాటికి రంగు వేయొచ్చట, డబ్బాల్లో దొరికే రంగుల బదులు. ఎండ దెబ్బ నుంచి చర్మాన్ని కాపాడే పూతల్లో పనికొస్తుందేమో చూస్తున్నారట. కోళ్ళ మేతలో కలిపితే గుడ్డులో పచ్చసొన రంగు తేలుతుందట. ఒంట్లో కొవ్వు తగ్గడానికి పనికొస్తుందా అని ఎలకల మీద చూశారట, వాటి మీద బాగానే ఉందట, మనుషుల సంగతి ఇంకా తేలాలట. ఈ చివరిది ఇంట్లో చెప్తే ఆయన పొట్ట నిమురుకుంటూ, "అయితే రెండు చెంచాలు తే, రాసుకుంటా," అన్నాడు.

"రాసుకునేది కాదండీ."

"మింగేదైనా సరే. మీ మేడం ఎలకలు చాలకపోతే నన్ను కట్టెయ్యమను."

అత్తగారు కూడా నవ్వింది. ఆ రోజు ఇల్లు సరదాగానే ఉంది. కానీ ఆమె చెప్పబోయిన అసలు సంగతి, అంటే ఆ నారింజకి వెలుగన్నా వేడన్నా గాలన్నా పడదనీ, సీసాలు పెట్టడానికి నల్లగుడ్డ సంచులు కావాలని తను పాత గొడుగులు విప్పి కుట్టిచ్చిందనీ, ఇప్పుడు లోపలి గదిలో ఏ సీసా చూసినా తన కుట్టే ఉంటుందనీ, అది ఆ నవ్వుల్లో నోట్లోనే ఉండిపోయింది.

ఇది ఇలా ఉండగా లోపలి గదిలో సహాయకురాలి ఉద్యోగం ఖాళీ పడింది. చదువు పట్టింపు లేదు, చేత్తో చేసి చూపించాలి. పెద్ద ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి చూస్తారు. గురువారం పొద్దున పదింటికి. పెద్దమేడం ఆమె పేరు రాసేసి మరీ చెప్పింది. "ఒక్కసారే వస్తారు. మళ్ళీ ఈ ఖాళీ ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు."

కళ్ళజోడు సార్ విని నిజంగానే కంగారుపడ్డాడు. "నాచక్కా, నువ్వు లోపలికెళ్ళిపోతే మరి నాచెవరు కడుగుతారు? నీలాగా ఇసక ఇంకెవరు వదలగొడతారు?" అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు. ఇంత మెచ్చుకోలు కూడా మనిషిని ఉన్నచోటే కట్టేసే తాడవుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇంట్లో సోమవారమే చెప్పింది. ఆయన పేపరు చదువుతూ "ఊఁ" అన్నాడు. మంగళవారం సాయంత్రం బూట్లు విప్పుతూ, "గురువారం మా ఆఫీసుకి సెలవు కదా, మధ్యాహ్నం మా సెక్షన్ ఆఫీసరు కుటుంబాన్ని భోజనానికి పిలిచాను. ఇంకో ఇద్దరు కూడా. ఎనిమిది మందికి వండు," అన్నాడు.

"గురువారం నాకు పరీక్షండీ. నిన్న చెప్పాను."

"ఇంకో రోజు పెట్టమను. మీ మేడం నీ మాట వింటుందిగా."

"కుదరదండీ. వాళ్ళు దూరం నుంచి వస్తున్నారు."

"మరి ఆఫీసరు పక్కింట్లోంచి వస్తున్నాడా? పిలిచాక రావద్దంటే ఏం బావుంటుంది చెప్పు?" అని, ఆమె మొహం చూసి కాస్త తగ్గి, "అయినా ఇప్పుడున్న పనికేమైంది? లోపలైనా బయటైనా సీసాలు కడగడమేగా," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

బుధవారం పని నుంచి వస్తూ ఆమె ఒక కాయితం ముక్క అడిగి తెచ్చుకుంది, మొదటిరోజుది కాదు, తనే స్వయంగా చేసినది. వెలుగు తగిలితే వెలిసిపోతుందని గొడుగుగుడ్డ ముక్కలో చుట్టింది. ఇంట్లో అత్తగారు ఒక్కతే కిటికీ దగ్గర బొత్తాలు కుడుతోంది. ఆమె వెళ్ళి కర్టెను లాగి, పక్కన కూర్చుని, గుడ్డ విప్పి చూపించింది.

"ఏంటే ఇది? ఎవరన్నా పిల్లలు వేశారా?"

"నిరుడు మీరు ఆకుకూర అన్నారే, ఆ నాచు అత్తయ్యా. అందులో ఉన్న రంగులు. మట్టిరంగు ఒక్కటే అనుకుంటాం గానీ, విడదీస్తే ఇన్ని."

అత్తగారు కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. వేలుతో ముట్టుకోబోయి ఆగింది. "ఇవన్నీ అందులోవేనా? నువ్వు పూసింది కాదుగా?"

"మీ మీద ఒట్టు."

పెద్దావిడ సూది పక్కన పెట్టింది. "నీ మీగడరంగు బట్ట నేను కుట్టించుకోనివ్వలేదు. గుర్తుందా?" అంది.

ఆమె తలెత్తి చూసింది. ఆవిడకీ గుర్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నీ మీద కోపంతో కాదే. నాకూ లేతరంగులంటేనే ఇష్టం. పెళ్ళైన కొత్తలో తెల్లవే కట్టేదాన్ని. మరక పడిందా, మీ మావయ్య వేలు పెట్టి చూపించేవారు. ఇదెలా పడింది? అదెక్కడ పడింది? పని చేస్తుంటే పడిందండీ అంటే వినేవారు కాదు. అజాగ్రత్త అనేవారు. నలుగురి ముందూ అనేవారు. మట్టిరంగులోకి మారాక ఇక అడగడం మానేశారు. పని అంతే ఉంది, మరకలూ అన్నే ఉన్నాయి. కనపడలేదంతే. బతుకు హాయిగా ఉన్నట్టనిపించింది. ఆ హాయి నీకూ ఇద్దామనుకున్నా." ఆవిడ కాయితం వైపే చూస్తూ అంది. "కనపడకపోతే తిట్లు తప్పుతాయి. నిజమే. పని చేశానని కూడా ఎవడికీ తెలీదు కదే. అది నాకు అప్పుడు తట్టలేదు."

తర్వాత ఆమె కాయితాన్ని మళ్ళీ నల్లగుడ్డలో చుట్టి, లేచి కర్టెను తీసింది.

ఆయన వచ్చి భోజనానికి కూర్చున్నాక ఆమె వడ్డించి, తను కూడా ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు. "రేపు తొమ్మిదింటికి నేను వెళ్ళిపోతాను. ఎనిమిది మందికీ వంట మీరు చెయ్యండి. చెయ్యలేకపోతే బయటనించి తెప్పించండి. కావలసినవన్నీ ఏ డబ్బాలో ఉన్నాయో చెప్తాను," అంది.

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "నేనా? నాకేం వచ్చు?"

"ఇక్కడా కడగటమే, అక్కడా కడగటమే. దానికి ఇంత హడావుడా?"

అత్తగారికి మంచినీళ్ళు పొలమారాయి. దగ్గుతోందో నవ్వుతోందో తేలలేదు. దగ్గు తగ్గాక కొడుకు వైపు తిరిగి, "నేను పక్కన కుర్చీ వేసుకుని చెప్తాలేరా. చెయ్యి మాత్రం నీదే," అంది.

గురువారం పదింటికి ఆమె లోపలి గదిలో నిలబడింది. పొట్టిచేతుల మట్టిరంగు పనికోటు వేసుకుంది. కడిగేవాళ్ళకి అక్కడ ఇచ్చేది అదే. ఎదురుగా ఫైలు పట్టుకున్న ఒకాయన, వెండిజుట్టావిడ ఒకరు. పెద్దమేడం వెనకాల గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఫైలాయన రెండు జాడీలు ముందుకి తోశాడు. రెండింట్లోనూ నాచుపొడి. "ఏది తీసుకుంటారు? ఎందుకు?"

ఆమె మూతలు తీసి వాసన చూసింది. చిటికెడు వేళ్ళ మధ్య నలిపింది. "ఇది ఎండలో ఆరిందండీ, రంగు సగం చచ్చిపోయింది. ఇది నీడలో ఆరింది. ఇదే తీసుకుంటాను," అని, ఆగలేక, "మొదటిదాంట్లో ఇసక కూడా సరిగా పోలేదు. అది నేను కడిగింది కాదు," అంది.

వెండిజుట్టావిడ నవ్వింది. ఫైలాయన నవ్వలేదు. "ఎంతవరకు చదివారు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. తెలిసినా, వంచబోతున్న స్పిరిట్ సీసా కింద పెట్టి చెప్పింది. "తొమ్మిది దాకా."

"మరి ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"పెద్దమేడం నేర్పారండీ. మొదటి పాఠం మాత్రం కెటిల్ నేర్పింది."

ఆ కథంతా చెప్పించుకున్నారు. పాడుచేశానని భయపడి ఇంటికి మోసుకెళ్ళిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. చెప్తూనే పొడి నానబెట్టింది, సీసాని నల్లసంచిలోకి దించి ఊపింది, గరాటులో కాయితం మడిచి వడకట్టింది. సన్నటి ధారగా, కాచిన తేనెలా, పచ్చజీర కలిసిన నారింజ దిగింది. ఎన్నిసార్లు చూసినా ఆమెకి అక్కడ ఒక్క క్షణం చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే సీసా మూతి తడబడి నాలుగు బొట్లు కోటు మీద పడ్డాయి.

"పడిందా?" అని వెండిజుట్టావిడ ముందుకి వంగింది.

ఆమె కోటు వైపు చూసుకుంది. నిమ్మపండంత మేర తడిసింది. ఆ మట్టిరంగులో అంత అందమైన నారింజ జాడ కూడా లేదు. "పడిందండీ," అంది. "కనపడట్లేదు."

ఆ మాట అన్నాక ఆమె మళ్ళీ తడబడలేదు. బొట్టు పెట్టింది, కాయితం వేలాడదీసింది. పసుపు, పచ్చ, నారింజ, లేతపచ్చ వరసగా లేచి నిలబడ్డాయి. గదిలో ఉన్న నలుగురూ ఆ చిన్న కాయితం ముక్క చుట్టూ తలలు చేర్చి, పిల్లల్లాగా చూశారు. ఫైలాయన కూడా.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయారు. సింకు నిండా అంట్లు, గోడ మీద చిందులు, ఏదో మాడిన వాసన. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది. ఆయన వంటింటి మధ్యలో నిలబడి తెల్లచొక్కా ముందుభాగం రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటున్నాడు. పొట్ట మీద అరచెయ్యంత నూనెమరక.

"చూడు ఎంత పెద్దది పడిందో," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఆఫీసరు కూడా చూశాడు. ఎలా పడిందో నాకే తెలీలేదు."

"పని చేస్తే పడుతుందండీ."

"పోతుందా?"

"సబ్బు రాసి కాసేపు ఉంచి రుద్దాలి. బ్రష్షు కిటికీ దగ్గరుంది," అని చెప్పి ఆమె సోఫాలో కూర్చుంది. అంట్ల వైపు చూసింది. లేవలేదు. లేవకుండా ఉండటానికి ఒళ్ళంతా బిగబట్టుకోవాల్సి వచ్చింది. కాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడు, ఆ తర్వాత బ్రష్షు చప్పుడు వినపడ్డాయి. ఆమె కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింది. పదిహేడేళ్ళలో ఆ బ్రష్షు చప్పుడు ఆమె దూరం నుంచి వినడం ఇదే మొదలు.

పన్నెండు రోజులకి కాయితం వచ్చింది. ఉద్యోగం ఆమెదే. పెద్దమేడం చెయ్యి పట్టుకుని ఊపింది. కళ్ళజోడు సార్ మొహం కాస్త దిగులుగా పెట్టినా, "కొత్తగా వచ్చేవాళ్ళకి ఇసక వదలగొట్టడం మీరే నేర్పాలి," అన్నాడు. "నువ్వు" కాస్తా "మీరు" అయిందని ఆయన గమనించలేదు. ఆమె గమనించింది.

లోపలి గదికి వెళ్ళేముందు కోటు తెచ్చుకోమని సామాన్ల గదికి పంపారు. అక్కడి పెద్దాయనకి ఆమె రోజూ కనపడే మనిషే. అటక మీద తెల్లకోట్లు, కింది అరలో మట్టిరంగువి. ఆయన అలవాటుగా కిందికే వంగాడు.

"తెల్లవి మాసిపోతాయమ్మా. ఆ నారింజ మరక పడిందంటే ఇక చూడక్కర్లేదు. నా మాట విని మట్టిరంగుదే ఇంకోటి పట్టుకెళ్ళు, అడిగేవాళ్ళెవరూ లేరు. మరకలు కనపడవు."

ఆయన మంచికే చెప్తున్నాడు. అత్తగారూ మంచికే చెప్పింది. ఇంట్లో ఆయనా మంచికే కొన్నాడు చలికోటు. ఆమె "బావుందండీ" అనబోయి, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చాక, వెనక్కి మింగేసింది. అటక వైపు చెయ్యి చూపించింది.

"తెల్లదే ఇవ్వండి బాబాయ్," అంది. "నేను పడేసుకునే మరకలు. కనపడనివ్వండి."